అరవై రెండు పేర్ల బట్ట

ఉదయం ఎనిమిదీ పదికి తేజశ్రీ ఇనుప పెట్టె మూత ఎత్తి చూసేసరికి అందులో చరిత్ర లేదు.

రెండు రగ్గులున్నాయి. ఒక గొడుగుంది. పురుగు పట్టకుండా ఆమే కొని తెచ్చి వేసిన నాలుగు కలరా ఉండలున్నాయి. వాటి మధ్య ఉండాల్సిన బట్ట మాత్రం లేదు. రగ్గులు దులిపింది. గొడుగు కూడా తెరిచి చూసింది.

"తాతా, బట్టేది?"

గడప మీద కూర్చుని బీడీ ముట్టించబోతున్న ఆగయ్య ఆగిపోయాడు. లేచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు. ఇంట్లో దొంగలు పడ్డ డెబ్బై రెండేళ్ల మనిషి వదలాల్సిన ఊపిరి కాదది. నెత్తి మీది మూట దింపుకున్నవాడి ఊపిరి. ఆ తేడా తేజశ్రీకి అప్పుడు పట్టలేదు.

"పోతే పాయె తీ బిడ్డా. పాత గుడ్డ. ఎంతకాలమని దాస్తం?"

"పోతే పాయెనా! పదకొండింటికి ఢిల్లీ సారు వస్తున్నాడు తాతా!"

ఆ రోజుకి ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. ఎనిమిదింటికి సూరత్‌ పాండేసరలో పాత నేతకార్మికుడు ఆగయ్య ఇంటికి రావడం, బట్ట తీసి చాప మీద పరచడం, పదకొండింటికి ప్రొఫెసర్ కమలాకర్‌కి చూపించడం, ఒంటిగంటకి అడాజన్‌లో తమ ఇంట్లో భోజనం పెట్టి విమానం ఎక్కించడం. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని రాత్రి నాన్నతో అంది కూడా.

కమలాకర్‌ది ఢిల్లీ. చరిత్ర పరిశోధనకి సాయం చేసే జాతీయ మండలి ఒకటి అక్కడుంది. ఉత్తర తెలంగాణ నుంచి సూరత్‌కి వలస వచ్చిన నేతకార్మికుల చరిత్ర రాయడానికి ఆ మండలే తేజశ్రీకి రెండేళ్ల కింద ఫెలోషిప్ ఇచ్చింది. మొదటి తొమ్మిది నెలలూ ఆమెకి దొరికినవి మాటలే. మాటలు పంపిన ప్రతిసారీ మండలి నుంచి ఒకే జవాబు వచ్చేది: 'మౌఖిక కథనం అందినది. సంతోషం. ప్రాథమిక ఆధారం జతపరచగలరు.'

ఆమె ప్రతి ఆదివారం ఆగయ్య ముందు కూర్చుని అదే పాట పాడింది. "నోటిమాట చాలదంటున్నారు తాతా. ఏదైనా ఆధారం ఉందా?" తొమ్మిది నెలలు విని విని, పదో నెలలో ఆగయ్య పెట్టెలోంచి ఆ బట్ట తీశాడు.

ఒకటిన్నర మీటర్ల బట్ట. మట్టిరంగుకి తిరిగింది. దాని మీద నల్లటి అక్షరాలు. 1978లో ఒక ఖాతాలో, అంటే సాంచాలనే మరమగ్గాలు నడిచే షెడ్డులో, పనిచేసే అరవై రెండు మంది తెలుగువాళ్లు సేఠ్‌కి ఇచ్చిన అర్జీ అది. పన్నెండు గంటల పాళీ ఎనిమిది గంటలు చేయాలె. తాగ నీళ్లు పెట్టాలె. పంకా ఒకటి పెట్టాలె. కింద అరవై రెండు పేర్లు. మొదటి పేరు ఆగయ్యది.

"కాగితం మీద ఎందుకు రాయలేదు తాతా?"

"కాగితమైతే సేఠ్ చింపుతడు. బట్ట చింపనీకి బట్టల సేఠ్‌కు మనసొప్పది బిడ్డా."

ఈ ఒక్క మాటకి మండలి పరవశించిపోయింది. బట్ట కింది మూలన అరచేయంత నూనె మరక ఒకటి ఉండేది. దాని మీద తేజశ్రీ 'మరకలో మనిషి' అన్న పేరుతో నాలుగు పేజీలు రాసింది. చెమటా నూనే కలిసి శ్రామికుడు చేసిన సంతకం అంది. మండలి మరీ పరవశించింది. పుస్తకం అచ్చు వేస్తామంది. అయితే ఒక నిబంధన ఉంది. మూలప్రతి సొంతదారు దగ్గరే ఉండాలి, మండలి నిపుణుడు దాన్ని కళ్లారా చూడాలి. చూడకపోతే ఫెలోషిప్ ఆగుతుంది. పుస్తకమూ ఆగుతుంది. అరవై రెండు మందిలో ఇంకా బతికున్నది పదకొండు మంది. వాళ్లందరికీ 'మీ పేరు అచ్చులో వస్తుంది' అని ఆమె ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది.

చిన్నవ్వ నీళ్ల బిందెతో లోపలికొచ్చింది. ఆగయ్య భార్య. బిందె దింపి, పెట్టె చుట్టూ పరిచిన సామాను చూసి, చేతులు నడుముకి పెట్టుకుంది.

"దొంగలెవలు ఎత్కపోలే. నేనే పరమేశ్‌కిచ్చిన. ఢిల్లీకెంచి సారు వస్తడంటివి గదా బిడ్డా. గా మురికి గుడ్డ సారు ముంగట వరిస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

"ఉతకడానికి ఇచ్చావా అవ్వా!"

"ఉత్త ఉతుకుడు గాదు. ఇస్త్రీ గూడ జెయ్యమన్న."

పరమేశ్ వాళ్ల పెద్దకొడుకు. నలభై ఏడేళ్లవాడు. పక్క వీధిలోనే రంగుల మిల్లులో బట్ట కడిగే విభాగంలో పని. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాళీలో ఉన్నవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు.

తేజశ్రీ తండ్రికి ఫోన్ చేసింది. త్రివిక్రమరావు హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో ముప్పై ఏళ్లు మేనేజరుగా చేసి రిటైరైనవాడు. అప్పటికే కారుతో విమానాశ్రయం దగ్గరున్నాడు.

"నాన్నా, బట్ట లేదు. మిల్లుకి పోయింది. నువ్వు ఆయన్ని ఎలాగైనా ఆపు."

"కంగారుపడకు తల్లీ. నేను ఎన్ని తనిఖీలు చూళ్లేదు! తనిఖీకొచ్చినవాడికి ఎప్పుడూ 'లేదు' అని చెప్పకూడదు. 'పనిలో ఉంది' అని చెప్పాలి. నాకొదిలెయ్."

ఆ రోజు జరిగిన తప్పుల్లో ఆయనకి వదిలెయ్యడం రెండోది.

*

మిల్లు లోపల ఆవిరి, వేడి, గొంతు పట్టేసే వాసన. గేటు దగ్గరే రెండు గంటలు ఆపేశారు. చివరికి పదిన్నరకి తేజశ్రీ, ఆగయ్య లోపలికి వెళ్లేసరికి పరమేశ్ మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్లని చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏంది చెల్లె, గంత ఉరికొచ్చిన్రు? పదకొండు లోపట నేనే పట్కొస్తుంటి గదా."

"బట్టేదన్నా?"

"మిషన్ల ఉన్నది. ఒంటి ముక్క ఏస్తె గుంజుకపోతది. గందుకే మిల్లు బట్ట మాల్‌కు కలిపి కుట్టిన. ముంగట పదిహేను వందల మీటర్లు, ఎనక పదిహేను వందల మీటర్లు. నడుమ మన గుడ్డ." పొగలు కక్కుతున్న పొడవాటి తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "గిప్పుడే కాస్టిక్ సోడలకు వోయింది."

తేజశ్రీ తొట్టి వైపు రెండడుగులు వేసింది. "రాత పోదూ?"

"రాతెట్ల పోతది? బట్ట చుట్టలకు మిల్లు గుర్తేసే నల్లరంగుతోటి రాసిరి. ఏ మందుకూ పోదది. మురికే పోతది."

"నూనె మరక?"

"అస్సలుండది!" అన్నాడు పరమేశ్ గర్వంగా.

నాలుగు పేజీలు పోయాయనుకుంది తేజశ్రీ. ఫర్వాలేదు, అక్షరాలుంటే చాలు. కానీ పక్కన ఆగయ్య ఒక్కసారిగా బట్టల మూట మీద కూలబడ్డాడు.

"నూనె మరక గూడ పోతదారా?" అన్నాడు.

"మొత్తం పోతది నాయినా. కొత్తదాని లెక్క అయితది."

"తీయరాదురా దాన్ని? జల్ది తీయి!"

"నడుస్తున్న మిషన్లకెంచి ఎట్ల తీస్త?"

ముసలాయనకి ఆ మరక మీద అంత మమకారమా అని తేజశ్రీకి కళ్లు చెమర్చాయి. ఐదో పేజీ కూడా రాయొచ్చు అనిపించింది.

సరిగ్గా పదీ నలభైకి గేటు దగ్గర తెల్లకారు ఆగింది. ముందు త్రివిక్రమరావు దిగాడు. వెనక ప్రొఫెసర్ కమలాకర్ దిగారు. అరవై దాటిన మనిషి. మెడలో మండలి గుర్తింపు కార్డు, దాని మీద మూడు సింహాలు, చేతిలో నోట్‌బుక్.

"ఇంటికి కదా తీసుకెళ్లమన్నాను!" తేజశ్రీ తండ్రి చెవిలో బుసలు కొట్టింది.

"బట్ట సంరక్షణలో ఉందని చెప్పానమ్మా. ఎక్కడన్నాడు. ప్రయోగశాలలో అన్నాను. అయితే ముందు అదే చూస్తానన్నాడు. నేనేం చెయ్యను?"

మిల్లు సూపర్‌వైజర్ రఘుపతి అప్పటికే పరుగెత్తుకొచ్చాడు. జగిత్యాల మనిషి. కాలుష్యం తనిఖీవాళ్లు తిరుగుతున్నారని రెండు రోజులుగా పాండేసరంతా గుసగుసలాడుతోంది. తెల్లకారు, ఢిల్లీ మనిషి, మూడు సింహాలు, నోట్‌బుక్. రఘుపతికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

"నమస్తే. ఇక్కడ మీరు ఏయే రసాయనాలు వాడతారండీ?" అని అడిగారు ప్రొఫెసర్, సంరక్షణ మీద ఆసక్తితో.

"ఏం వాడం సార్! సబ్బు గూడ వాడం!"

"రసాయనాలే లేకుండానా? అద్భుతం!" అని ప్రొఫెసర్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆయన రాసుకోవడం చూసి రఘుపతి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఒక్కొక్కటిగా మిషన్లన్నీ ఆగిపోయాయి. మిల్లంతా నిశ్శబ్దం.

"ఎందుకు ఆపారు?"

"ఇయ్యాల సెలవు సార్."

ప్రొఫెసర్ చుట్టూ చూశారు. లోపల నూటయాభై మంది ఉన్నారు. "సెలవు రోజు కూడా ఇంతమంది వస్తారా?"

"పనంటే ప్రేమ సార్."

పరమేశ్ తేజశ్రీ దగ్గరికి ఉరికొచ్చాడు. "చెల్లె, మిషన్ ఆపొద్దని చెప్పు! కాస్టిక్‌ల గుడ్డ నిలవడితే చివికిపోతది. పది నిమిషాలాయెనా, దారాలే మిగుల్తయి!"

తేజశ్రీ రఘుపతిని పక్కకి లాగింది. "అన్నా, మిషన్ నడిపించు. ఆయన తనిఖీకి రాలేదు. చరిత్ర ప్రొఫెసర్!"

"గట్లనే వస్తరు మేడం. పోయినసారి ఒకాయన పెండ్లి సంబంధం మాట్లాడనీకి అచ్చిన అనుకుంట అచ్చిండు. పోతూ పోతూ సీల్ ఏసి వోయిండు."

"ఒట్టన్నా!"

"ఆయన గూడ ఒట్టేసిండు మేడం."

మూడు నిమిషాలు గడిచాయి. త్రివిక్రమరావు తనకి చేతనైన సాయం చేశాడు. "సార్, ఇక్కడ పద్ధతి ఏమిటంటే, బట్టకి కాస్త విశ్రాంతినిస్తారు" అని ప్రొఫెసర్‌కి వివరించాడు. ప్రొఫెసర్ అది కూడా రాసుకున్నారు. ఆయన రాసినప్పుడల్లా రఘుపతి రంగునీళ్లు బయటికి పోయే ఇంకో కాలువ మూయించాడు. కాలువలు మూసేసరికి నీళ్లు వెనక్కి తన్ని నేల మీదికొచ్చాయి. ప్రొఫెసర్ బూట్లు తడిశాయి. "నేల కూడా శుభ్రం చేస్తున్నం సార్" అన్నాడు రఘుపతి.

ఆరు నిమిషాలు. పరమేశ్ చేతులు నలుపుకుంటున్నాడు. ఆగయ్య మాత్రం "ఆగినకాడ ఉండనీయుండ్రి, ఉండనీయుండ్రి" అని గొణుగుతున్నాడు.

ఎనిమిదో నిమిషంలో తేజశ్రీ ఇక ఆగలేకపోయింది.

"సార్! ఇది ప్రయోగశాల కాదు. రంగుల మిల్లు. మీరు చూడాల్సిన బట్టని ఉతకడానికి వేశారు. అదిగో, ఆ తొట్టిలో ఉడుకుతోంది. మీ కార్డు చూసి వీళ్లు మిషన్ ఆపేశారు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే బట్ట ఉండదు!"

ప్రొఫెసర్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. రఘుపతి మొహంలోకి తిరిగొచ్చింది.

"గుడ్డ కోసం అచ్చిండా? కాలుష్యం గాదా?"

"చరిత్రయ్యా!" అని అరిచారు ప్రొఫెసర్. "నడపవయ్యా!"

"హత్తెరి! గామాట ముంగట్నే చెప్పరాదా సార్?" అని రఘుపతి ఈల వేశాడు. మిషన్లు గర్జించాయి.

*

తొట్టి అవతలి చివర తెల్లటి బట్ట కాలువలా పారుతూ వచ్చింది. వంద మీటర్లు. రెండు వందలు. అందరూ కన్నార్పకుండా నిలబడ్డారు. ఉన్నట్టుండి ఆ తెలుపులో నల్లటి అక్షరాలు కదిలాయి.

"ఆపు!" అని నలుగురు ఒక్కసారే అరిచారు. పరమేశ్ కుట్లు కోశాడు. బట్టని ఆరబెట్టే వేడి రోలర్ల మీద రెండు తిప్పులు తిప్పి, తల్లి చెప్పింది మరిచిపోకుండా ఇస్త్రీ కూడా చేసి, మడత బల్ల మీద పరిచాడు.

చివకలేదు. మల్లెపువ్వులా మెరుస్తోంది. అరవై రెండు పేర్లూ నిన్న రాసినట్టున్నాయి. త్రివిక్రమరావు "పనిలో ఉందని చెప్పానా లేదా?" అన్నాడు. తేజశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ప్రొఫెసర్ కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్క పేరూ చదివారు. చదువుతూ చదువుతూ కింది మూలకి వచ్చారు. నాలుగు పేజీల మరక ఉండాల్సిన చోటికి. అక్కడ మరక లేదు. దాని కింద ఇన్నాళ్లూ దాగిన చిన్న ముద్ర ఒకటుంది. ప్రొఫెసర్ వంగి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"అమ్మా తేజశ్రీ, ఇది 1978 నాటిది కదూ?"

"అవును సార్."

"ఇక్కడ పది అంకెల మొబైల్ నంబరుంది. పక్కన వాట్సాప్ గుర్తుంది."

ప్రొఫెసర్ పద్ధతి గల పరిశోధకుడు. ఆధారాన్ని పరీక్షించకుండా వదలరు. ఫోన్ తీసి ఆ నంబరు నొక్కి స్పీకర్ పెట్టారు. రెండో రింగుకే ఎత్తారు.

"బోలో భాయ్, కేట్లా మీటర్ జోయియే?"

ఎన్ని మీటర్లు కావాలని 1978 అడుగుతోంది. ప్రొఫెసర్ మర్యాదగా ఫోన్ పెట్టేశారు. మండలి తనిఖీ పత్రం తీసి బల్ల మీద పెట్టి, కలం మూత తీశారు. తేజశ్రీకి రెండేళ్లూ ఆ కలం మొన మీద కనిపించాయి.

"నేనే సారూ."

అందరూ వెనక్కి తిరిగారు. ఆగయ్య లేచి నిలబడ్డాడు.

"బిడ్డకు తెల్వది. నేనే జేసిన. మార్కెట్ల ముక్క కొన్న. దుకాణం ముద్ర మీద సాంచా నూనె పూసిన. మిగతాదంత చాయల నానవెట్టిన. అర్జీ ఇచ్చింది నిజం. పేర్లు నిజం. ఎన్నిసార్లు చెప్పినా ఢిల్లీకెంచి ఒక్కటే చిట్టీ, ఆధారం, ఆధారం. నా నోటికి ఇలువ లేదాయె. గుడ్డ జూపెడితే ఇలువ ఇచ్చిన్రు. యాభై ఒక్క మంది సచ్చిపోయిన్రు సారూ. పేర్లన్న అచ్చుల రావద్దా?"

తేజశ్రీ తల వంచుకుంది. ఆ చిట్టీలు చదివి వినిపించింది తనే.

ప్రొఫెసర్ బట్టని తన వైపుకి తిప్పుకుని, ఆగయ్యకి కనబడకుండా మడిచి పట్టుకున్నారు. "పేర్లు చెప్పు" అన్నారు.

ఆగయ్య కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. పేరు, ఊరు, సాంచా నంబరు. ఎక్కడా తడుముకోలేదు. పది, ఇరవై, నలభై. మిల్లులో మనుషులు పని వదిలి చుట్టూ చేరారు. ఒకచోట 'మా నాయిన' అని ఎవరో గొణిగారు. అరవై రెండూ చెప్పి ఆగాడు.

"రెండు పేర్లు సగమే చెప్పావు" అన్నారు ప్రొఫెసర్. "ఒకటి '…నందం'. ఇంకొకటి '…పతి'. బట్ట మీద సదానందం, బిక్షపతి అని పూర్తిగా ఉన్నాయి."

"గవి అందాజ రాసిన సారూ. నాకు గంతే యాదికున్నయి."

ప్రొఫెసర్ తనిఖీ పత్రం మీద వంగారు. 'మూలప్రతి చూశారా?' అన్న గడిలో 'చూశాను' అని రాశారు. 'మూలప్రతి స్థితి' అన్న గడిలో ఇలా రాశారు: 'వయసు డెబ్బై రెండు. చూపు తక్కువ. రెండు చోట్ల తప్ప ఎక్కడా చెరగలేదు.'

"సార్, అంటే..." అంది తేజశ్రీ.

"ఈ బట్ట పుస్తకంలోకి రాదమ్మా. ఇది ఎలా తయారైందో ఆ కథ వస్తుంది, ఈయన వస్తాడు, పేర్లు వస్తాయి. చిట్టీల సంగతి నేను ఢిల్లీలో మాట్లాడతాను. మరక మీద నాలుగు పేజీలు మాత్రం తీసెయ్యి." కలం చివరి గడి మీద ఆగింది. "ఒక్కటి మిగిలింది. ఆగయ్యా, ఇది నకలు. మరి అసలు బట్ట ఏమైంది? సేఠ్ చింపేశాడా?"

ఆగయ్య కొడుకు వైపు చూశాడు. మిల్లు కప్పు వైపు చూశాడు. ఇందాకటి నేరం ఒప్పుకున్నప్పుడు రాని సిగ్గు ఇప్పుడు వచ్చింది.

"చింపలే సారూ. బట్ట గదా, మనసు రాలే ఆయనకు. పంకా గూడ పెట్టిచ్చిండు, ఆయన గదిల. నాలుగో దినం మా ఇంటామెకు కాన్పయింది, గీ పరమేశ్ పుట్టిండు. సేఠ్ నన్ను లోపటికి పిలిచి, 'కొడుకు పుట్టిండట గదా ఆగయ్యా, మెత్తటి బట్ట, తీస్కపో' అని గదే అర్జీ నా చేతుల వెట్టిండు. ముంగటి గేటు కాడ అరవై ఒక్క మంది నా కోసం నిలవడ్డరు. నేను ఎనక గేటుకెంచి వోయిన. పొత్తిగుడ్డలు జేసినం సారూ. నలభై ఏడేండ్లు ఎవ్వలకు చెప్పలే. కని గా నల్లరంగు ఎంత ఉతికినా పోకపాయె. రోజుకు పదిసార్లు ఆరేసుడు, ఆరేసినప్పుడల్ల ఒక్కొక్క పేరు నన్నే సూసుడు. ఇగ నోటికి రాకుంట ఎటు వోతయి? గా రెండు పేర్ల మీదికెంచే మా ఇంటామె కత్తెర వోయింది."